ఎంజైమ్ క్రిస్టల్స్‌ని క్రాస్‌లింక్ చేస్తే ఉత్ప్రేరకంగా నిలబడతాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీ దగ్గర దాదాపు 30 వేల డాల్టన్ల అణుభారం ఉన్న ఎస్టరేస్ (ఎస్టర్లని విడగొట్టే ఎంజైమ్) ఒకటి ఉంది. 45 డిగ్రీల దగ్గర, 25 శాతం ఐసోప్రొపనాల్‌లో కొన్ని గంటలకే పనికిరాకుండా పోతోంది. అమ్మోనియం సల్ఫేట్, పీహెచ్ 8.5 ట్రిస్ బఫర్‌లో క్రిస్టల్స్ మాత్రం చక్కగా వస్తున్నాయి. వాటిలోని అణువుల్ని ఒకదానితో ఒకటి రసాయన వంతెనలతో కట్టేయడానికి, అంటే క్రాస్‌లింక్ చేయడానికి, గ్లుటరాల్డిహైడ్ కలిపితే ద్రావణం పసుపెక్కింది, తీరా నీళ్లలో వేస్తే క్రిస్టల్స్ కరిగిపోయాయి. ఈ దారిలో వెళ్లడమే దండగా, లేక చేసే తీరులో లోపం ఉందా అని అడిగారు.

దారి మంచిదే. మీ ఎంజైమ్‌లోనూ లోపం ఉన్నట్టు లేదు. అమ్మోనియం సల్ఫేట్, ట్రిస్ రెండూ మీ గ్లుటరాల్డిహైడ్‌ని తినేశాయి. అది వెతుక్కునేది అమైన్ గుంపుల కోసం. ప్రొటీన్‌లో ఆ గుంపులు లైసిన్ అనే అమైనో ఆమ్లాల చివర ఉంటాయి. మీ గిన్నెలో లైసిన్ల కంటే ముందే దొరికే అమైన్లు కుప్పలుగా ఉన్నాయి. లెక్క వేసి చూడండి. 0.5 శాతం గ్లుటరాల్డిహైడ్ అంటే 50 మిల్లీమోలార్. లీటరుకు 10 గ్రాముల ప్రొటీన్, అణువుకు ఓ 15 లైసిన్లు అనుకుంటే లైసిన్లు 5 మిల్లీమోలార్. ట్రిస్ 100 మిల్లీమోలార్ ఉంటే అదొక్కటే మీ గ్లుటరాల్డిహైడ్‌కి రెట్టింపు. ఇక 2 మోలార్ అమ్మోనియం సల్ఫేట్‌లో అమ్మోనియం 4 మోలార్. పీహెచ్ 8.5 దగ్గర అందులో ఆరేడో వంతు స్వేచ్ఛా అమ్మోనియాగా ఉంటుంది. లైసిన్ల దాకా ఏం మిగులుతుంది? మీరు చూసిన పసుపు రంగులో ఎక్కువ భాగం ఆ అమ్మోనియా చర్యదే. రంగు వచ్చింది కాబట్టి క్రాస్‌లింక్ అయిపోయిందని చాలామంది అనుకుంటారు. రంగును కొలమానంగా తీసుకోకండి.

కాబట్టి మీ మొదటి పని క్రిస్టల్స్‌ని అమైన్ లేని ద్రావణంలోకి మార్చడం. అదెలాగో కింద రాస్తాను. అంతకంటే ముందు, ఈ పద్ధతి ఏం కాపాడుతుందో, ఏం కాపాడలేదో తెలిస్తే మీ 45 డిగ్రీల సమస్యకి ఇది మందో కాదో మీరే తేల్చుకోవచ్చు.

ఇది పాత విద్యే. 1964లో యేల్‌లో కియోచో, రిచర్డ్స్ కార్బాక్సీపెప్టిడేస్-ఎ క్రిస్టల్స్‌ని గ్లుటరాల్డిహైడ్‌తో బిగించారు. ఎక్స్‌రే పనికి క్రిస్టల్స్ గట్టిగా నిలవాలన్నది వాళ్ల అవసరం. బిగించాక కూడా ఎంజైమ్ పని చేస్తూనే ఉందని గమనించారు. దాన్ని సంశ్లేషణకు పనికొచ్చే ఉత్ప్రేరకంగా ముందుకు తెచ్చింది 1992లో థర్మోలైసిన్ మీద సెంట్ క్లెయిర్, నావియా చేసిన పని. దాని వెనకే ఆల్టస్ అనే సంస్థ లైపేస్‌లు, సబ్టిలైసిన్, పెనిసిలిన్ అసైలేస్ లాంటివాటిని ఈ రూపంలో అమ్మింది. అంటే మీరు చేయబోయేది ఎవరూ తొక్కని దారేమీ కాదు.

నిలకడ ఎక్కడినుంచి వస్తుంది? ప్రొటీన్ విప్పుకోవాలంటే చుట్టూ చోటు కావాలి. క్రిస్టల్‌లో ప్రతి అణువుకీ అన్ని వైపులా పొరుగు అణువులు తగిలి ఉంటాయి. వాటి మధ్య సమయోజనీయ వంతెనలు పడ్డాక ఒకటి విప్పుకోవాలన్నా పక్కవాటిని కదిలించాల్సిందే. ఒకవేళ కొంచెం విప్పుకున్నా, ఇంకోదానితో అతుక్కుని ముద్దకట్టడానికి వీల్లేదు. ద్రావణంలో ఎంజైమ్‌లు తిరిగిరాకుండా పోయేది ఎక్కువగా ఆ ముద్దకట్టడం వల్లే. ప్రొటియేస్‌ల (ప్రొటీన్లని కోసే ఎంజైమ్‌ల) విషయంలో ఇంకో లాభం: థర్మోలైసిన్ ద్రావణంలో తనని తానే కోసుకుంటుంది, క్రిస్టల్‌లో ఒక అణువు ఇంకోదాని దగ్గరికి వెళ్లలేదు. బయటి ప్రొటియేస్‌లు కూడా రంధ్రాల్లోంచి లోపలికి దూరలేవు.

కాపాడనివి కూడా ఉన్నాయి. మెథియోనిన్, సిస్టీన్‌ల ఆక్సీకరణ ఆగదు. పెరాక్సైడ్ పడే చర్యల్లో క్రిస్టల్ కూడా చస్తుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా. లోహ అయాన్ మీద బతికే ఎంజైమ్ అయితే ఆ అయాన్ రంధ్రాల్లోంచి నిక్షేపంగా బయటికి పోతుంది, థర్మోలైసిన్‌కి కాల్షియం, గ్లూకోజ్ ఐసోమరేస్‌కి మెగ్నీషియం అందిస్తూనే ఉండాలి. యాక్టివ్ సైట్‌లోని (ఎంజైమ్‌లో చర్య జరిగే చోటులోని) సెరిన్‌ని శాశ్వతంగా పట్టేసే మలినం మీ సబ్‌స్ట్రేట్‌లో (ఎంజైమ్ పనిచేసే పదార్థంలో) ఉంటే క్రిస్టల్ అయినా, ద్రావణమైనా ఒకటే. మీ ఎస్టరేస్ వేడికీ, ఐసోప్రొపనాల్‌కీ ముద్దకట్టి పోతోందా, ఇంకేదైనా కారణమా అన్నది ముందు చూడండి. 45 డిగ్రీల్లో పెట్టిన గొట్టం తెల్లగా మబ్బుపట్టి, సెంట్రిఫ్యూజ్ చేస్తే ప్రొటీన్ అడుగున దిగితే ఈ మందు మీకు పనిచేసే అవకాశం ఎక్కువ. ద్రావణం తేటగా ఉండి యాక్టివిటీ మాత్రం పోతుంటే కొంచెం ఆగి ఆలోచించాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ పనిలో జనం క్రాస్‌లింకింగ్ గురించి పడే బెంగలో పదో వంతు కూడా క్రిస్టల్ సైజు గురించి పడరు. ఎక్స్‌రేకి పెద్ద క్రిస్టల్ అందం. ఉత్ప్రేరకానికి అది శాపం.

ప్రొటీన్ క్రిస్టల్ గట్టి రాయి కాదు. ఘనపరిమాణంలో దాదాపు సగం ద్రావణమే, మాథ్యూస్ 1968లో ఇచ్చిన లెక్క ప్రకారం 27 నుంచి 65 శాతం దాకా. దానిలో 1.5 నుంచి 10 నానోమీటర్ల రంధ్రాలు ఉంటాయి. మీ ఎస్టర్ 300 డాల్టన్ల లోపుదే అయితే హాయిగా దూరుతుంది, కానీ నీళ్లలో కదిలినంత వేగంగా కదలదు. అటు మిగతా సగం మొత్తం ఎంజైమే. ప్రొటీన్ సాంద్రత 1.35 అనుకుంటే మిల్లీలీటరు క్రిస్టల్‌లో 0.67 గ్రాముల ఎంజైమ్, మీ ఎంజైమ్‌కి అది 22 మిల్లీమోలార్. ఏ రెజిన్ మీదా ఇంత దట్టంగా ఎక్కించలేరు. అంత ఎంజైమ్ ఒకేచోట ఉండేసరికి సబ్‌స్ట్రేట్ పైపొరల్లోనే ఖర్చయిపోతుంది, మధ్యలో ఉన్నది పస్తులుంటుంది.

ఎంత పస్తో లెక్కగట్టవచ్చు. మీ కెక్యాట్ (ఒక ఎంజైమ్ అణువు చర్య నడిపే గరిష్ఠ వేగం) సెకనుకు 10, కేఎమ్ (అందులో సగం వేగానికి కావలసిన సబ్‌స్ట్రేట్ గాఢత) 5 మిల్లీమోలార్, రంధ్రాల్లో వ్యాపనం 10⁻¹¹ చదరపు మీటర్లు సెకనుకు అనుకోండి. ఈ అంకెలు నమూనాకే, మీవి వేసుకోండి. చర్య వేగాన్ని వ్యాపనం వేగంతో పోల్చే థీలీ మాడ్యులస్ లెక్క కడితే 2 మైక్రాన్ల క్రిస్టల్‌లో ఎంజైమ్ 80 శాతం దగ్గర పనిచేస్తుంది. 50 మైక్రాన్ల క్రిస్టల్‌లో 6 శాతం కూడా పనిచేయదు. క్రాస్‌లింక్ చేశాక యాక్టివిటీ 95 శాతం పోయింది, గ్లుటరాల్డిహైడ్ ఎంజైమ్‌ని చంపేసింది అని నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి జవాబు ఇదే. తేల్చుకోవడం కష్టం కాదు. క్రాస్‌లింక్ అయిన క్రిస్టల్స్‌లో కొంచెం తీసి, తడి మీదే గాజు హోమోజెనైజర్‌లో బాగా నూరి, నూరనివాటితో పక్కపక్కన కొలవండి. నూరగానే యాక్టివిటీ పైకి లేస్తే అడ్డం వ్యాపనం. లేవకపోతే గ్లుటరాల్డిహైడ్‌ని అనుమానించండి, లేదా క్రిస్టల్ కూర్పుని.

కూర్పు అని ఎందుకన్నానంటే, కొన్ని క్రిస్టల్స్‌లో పక్క అణువు సరిగ్గా యాక్టివ్ సైట్ నోటి దగ్గరే కూర్చుంటుంది. అదే ఎంజైమ్ ఇంకో పరిస్థితిలో, ఇంకో కూర్పులో పెరిగితే నోరు తెరిచి ఉంటుంది. పనిచేసేటప్పుడు బాగా కదిలే ఎంజైమ్‌లది ఇంకో బాధ. గుర్రం కాలేయపు ఆల్కహాల్ డీహైడ్రోజినేస్‌లో సహకారక అణువు వచ్చి కూర్చుంటే రెండు భాగాలు ఒకదానిమీదికి ఒకటి మూసుకుంటాయి. తెరిచిన రూపంలో క్రిస్టల్ చేసి బిగిస్తే ఆ మూసుకోవడం జరగదు. అందుకే ఏ రూపంలో బిగిస్తున్నారో ముందే ఎంచుకోవాలి. లైపేస్‌లకి ఇది అనుకూలంగా కూడా మారుతుంది: వాటి యాక్టివ్ సైట్ మీద ఉండే మూత తెరుచుకున్న స్థితిలో క్రిస్టల్ దొరికితే అలాగే బిగించేయవచ్చు. మీది ఎస్టరేస్ కాబట్టి మూత ఉండకపోవచ్చు, ఉందేమో మాత్రం నిర్మాణంలో ఒకసారి చూసుకోండి.

సరే, చేసే తీరు. మీది ఇలా చేయమంటాను.

హ్యాంగింగ్ డ్రాప్‌ని (గాజు మూతకి వేలాడే చిన్న చుక్కలో క్రిస్టల్స్ పెంచే పద్ధతిని) వదిలేయండి. అది పరిస్థితి వెతకడానికే. ఇప్పుడు కావలసింది గొట్టంలో, కలుపుతూ, ఒకేసారి బోలెడు చిన్న క్రిస్టల్స్. మీ పాత క్రిస్టల్స్‌ని కొన్ని నలిపి విత్తనంగా వాడండి. తాజా ప్రొటీన్ ద్రావణంలో లవణాన్ని నెమ్మదిగా పెంచి, ఇంకా తేటగా ఉండగానే ఆ విత్తనం వేయండి. విత్తనం ఎక్కువ వేస్తే క్రిస్టల్స్ ఎక్కువా, చిన్నవీ వస్తాయి. 2 నుంచి 10 మైక్రాన్ల మధ్య దించగలిగితే మంచిది. అంతకంటే చిన్నవైతే వడపోతలో ఏడిపిస్తాయి.

తర్వాత లవణం మార్చడం. క్రిస్టల్స్‌ని మెల్లగా దించి, పైద్రవం తీసేసి, అమైన్ లేని ద్రావణంతో విడతలవారీగా కడగండి. ఒక్కసారిగా మార్చితే పగులుతాయి. అమ్మోనియం సల్ఫేట్ బదులు లిథియం సల్ఫేట్ నా మొదటి ఎంపిక, బాగా కరుగుతుంది కాబట్టి. సోడియం సల్ఫేట్ చవక, కానీ చల్లని గదిలో పెడితే అదే గడ్డకట్టి మీ క్రిస్టల్స్ ఏవో, ఉప్పు క్రిస్టల్స్ ఏవో తెలియకుండా చేస్తుంది. ట్రిస్ బదులు హెపీస్ గానీ ఫాస్ఫేట్ గానీ, పీహెచ్ 7.5 నుంచి 8. కాల్షియం కావలసిన ఎంజైమ్‌కి ఫాస్ఫేట్ వద్దు, అవక్షేపం పడుతుంది. కొత్త ద్రావణంలో క్రిస్టల్స్ ఒక రాత్రి చెక్కుచెదరకుండా ఉన్నాయని మైక్రోస్కోప్‌లో చూశాకే ముందుకెళ్లండి.

గ్లుటరాల్డిహైడ్ 0.1 శాతం, 0.3, 1 శాతం, ఇలా మూడు గొట్టాలు, 4 డిగ్రీల్లో, తలకిందులుగా నెమ్మదిగా తిప్పుతూ. ప్రతి దాంట్లోంచీ 1 గంటకి, 4 గంటలకి, మర్నాడు ఉదయం కొంచెం తీసి, గ్లైసిన్ కలిపి ఆపేయండి. ఇక్కడ ట్రిస్ కూడా పనికొస్తుంది, ఇందాక మీకు అడ్డుపడ్డ గుణమే ఇప్పుడు ఉపయోగం. గ్లుటరాల్డిహైడ్ ఎంత పాతదన్నది కూడా చూడండి. పాత సీసాలో అది తనలో తాను కలిసి పాలిమర్ అయిపోతుంది. 280 నానోమీటర్ల దగ్గర మోనోమర్ కనబడుతుంది, 235 దగ్గర పాలిమర్. కొంత పాలిమర్ ఉండటం చెడేమీ కాదు, దూరంగా ఉన్న లైసిన్లని కలుపుతుంది కూడా. కానీ ఒక సీసాతో వచ్చిన ఫలితం ఇంకో సీసాతో రాకపోతే మొదటి అనుమానం దీనిమీదే. ఆవిరి కళ్లకీ ఊపిరితిత్తులకీ చేటు, హుడ్ బయట తెరవకండి.

బోరోహైడ్రైడ్‌తో క్షయీకరించాలా అని చాలామంది అడుగుతారు. నేను సాధారణంగా చేయను. గ్లుటరాల్డిహైడ్ వేసే బంధాలు ఆల్డిహైడ్, అమైన్ కలిసి ఏర్పడే మామూలు షిఫ్ బేస్‌ల కంటే గట్టివి, వాటంతట అవే నిలుస్తాయి. పైగా బోరోహైడ్రైడ్ డైసల్ఫైడ్‌లని కదిలించవచ్చు. చర్య పీహెచ్ 5 కంటే దిగువన నడుస్తుంటే తప్ప అవసరం పడదు.

యాక్టివ్ సైట్ దగ్గర లైసిన్ ఉంటే క్రాస్‌లింక్ చేసేటప్పుడు తిరిగి వదిలిపోయే నిరోధకాన్ని కలిపి ఆ చోటు కప్పండి, తర్వాత కడిగేయవచ్చు. పైన లైసిన్లు మరీ తక్కువుంటే గ్లుటరాల్డిహైడ్ ఒక్కటే చాలదు. కార్బోడైఇమైడ్ వాడితే లైసిన్లకి ఆస్పార్టేట్, గ్లుటమేట్లు కూడా జత కలుస్తాయి. డెక్స్‌ట్రాన్ ఆల్డిహైడ్ వాడమని కొందరు చెబుతారు, అగ్రిగేట్లకి (క్రిస్టల్ కాని ఎంజైమ్ ముద్దలకి, వాటి సంగతి చివర్లో) అది మంచిదే గానీ క్రిస్టల్ రంధ్రాల్లోకి అంత పెద్ద అణువు లోతుగా వెళ్లదు.

పరీక్ష రంగుతో కాదు, కరిగించి చేయాలి. స్లయిడ్ మీద ఒక చుక్క క్రిస్టల్స్ పెట్టి, కవర్‌స్లిప్ అంచున లవణం లేని బఫర్ వదిలి చూస్తూ ఉండండి. క్రాస్‌లింక్ కాని క్రిస్టల్ అంచులు ముందు గుండ్రబడతాయి, తర్వాత మొత్తం మాయమవుతుంది. సగం అయినదైతే ఇంకా తమాషా. బయటి గీతలు అలాగే పదునుగా నిలుస్తాయి, లోపల మాత్రం పలచబడి బోలుగా అవుతుంది. ధ్రువణ కాంతిలో ఆ బోలు భాగం మెరుపు పోగొట్టుకుని నల్లగా కనిపిస్తుంది. పైపెంకు మాత్రమే బిగిసిందన్నమాట. అలాంటివాటిని పైపైన చూసి బాగానే ఉన్నాయి అనుకుంటే తర్వాత ప్రతి బ్యాచ్‌లో ఎంజైమ్ కారుతూనే ఉంటుంది. అందుకని స్లయిడ్ చూశాక కూడా బఫర్‌లో ఒక రాత్రి ఉంచి, వడకట్టి, ఆ తేట ద్రవంలో యాక్టివిటీ కొలవాలి. అందులో ఏమీ కనబడకూడదు. ఈ ఒక్క కొలత లేకుండా వచ్చిన నిలకడ ఫలితాలని నేను నమ్మను. ఎందుకంటే మీరు కొలుస్తున్నది క్రిస్టల్‌దా, కారిన ఎంజైమ్‌దా తెలియదు.

ఒక అనుభవం. ఒక బృందం వాళ్ల లైపేస్ క్రిస్టల్స్‌ని మళ్లీమళ్లీ వాడుతూ, ప్రతి బ్యాచ్‌కీ యాక్టివిటీ పెరుగుతోందని సంతోషంగా చూపించారు. ఉత్ప్రేరకం వాడేకొద్దీ బలపడటం మామూలుగా జరగదు. ఫ్లాస్కు చూస్తే అడుగున మాగ్నెటిక్ బార్ తిరుగుతోంది. అది క్రిస్టల్స్‌ని తిరగలి రాయిలా నూరుతోంది, చిన్నవైనకొద్దీ వ్యాపనం సులువై యాక్టివిటీ పెరుగుతోంది. ఇంకొన్ని బ్యాచ్‌లకి ఆ పొడి ఫిల్టర్ రంధ్రాలని మూసేసింది, కొంత ఫిల్టర్ దాటిపోయింది, ఉత్పత్తిలో ప్రొటీన్ కనబడింది. పైనుంచి తిరిగే ప్యాడిల్ పెట్టించాక యాక్టివిటీ మొదట్లో తక్కువే కనిపించినా బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మారకుండా నిలిచింది. క్రాస్‌లింక్ అయిన క్రిస్టల్ వేడికి ఆగుతుంది గానీ రాపిడికి ఆగదు. ప్యాక్ చేసిన కాలమ్‌లో పెట్టాలంటే 5 మైక్రాన్లవి ఒత్తిడి పెంచేస్తాయి, అప్పుడు ఆల్జినేట్ పూసల్లాంటి వాటిలో కూర్చోబెట్టాలి, దానితో వ్యాపనం బాధ మళ్లీ మొదలు.

మీ ఐసోప్రొపనాల్ గురించి: బాగా బిగిసిన క్రిస్టల్స్ 25 శాతానికి భయపడవు. మెట్లు మెట్లుగా 5, 10, 15 అంటూ ఎక్కించండి. పూర్తి సేంద్రియ ద్రావణిలో వాడాలనుకుంటే ఆరబెట్టడం ఒక కళ. నీటిని పూర్తిగా లాగేస్తే ప్రొటీన్ కదలలేక యాక్టివిటీ పడిపోతుంది. సర్ఫాక్టెంట్ కలిపి ఆరబెడితే సేంద్రియ ద్రావణుల్లో యాక్టివిటీ ఎన్నో రెట్లు పెరుగుతుందని 1990లలోనే మార్గోలిన్ బృందం చూపింది. మీకు నీళ్లు 75 శాతం ఉన్నాయి కాబట్టి ఆరబెట్టే జోలికే పోకండి. తడిగా, 4 డిగ్రీల్లో, సోడియం అజైడ్ లాంటి నిల్వకారి కొంచెం వేసి దాచుకోండి. హీమ్ ఉన్న ఎంజైమ్‌లకి అజైడ్ వద్దు, ఎస్టరేస్‌కి ఇబ్బంది లేదు. వాడేముందు కడిగేయడం మరవకండి.

ఇంకొకటి, ఎవరూ అడగరు గానీ చెప్పాలి. క్రిస్టలైజ్ చేయడమంటే శుద్ధి చేయడం కూడా. కాండిడా రుగోసా లైపేస్‌ని క్రిస్టల్‌గా మార్చి వాడితే కీటోప్రోఫెన్ లాంటి ఎస్టర్‌లలో ఎనాన్షియోమర్‌ని (అద్దంలో ప్రతిబింబాల్లా ఉండే రెండు రూపాల్లో ఒకదాన్ని) వేరుచేసే సామర్థ్యం ముడి పొడి కంటే బాగా పెరిగింది. అంగట్లో దొరికే ఆ పొడిలో వేరే హైడ్రోలేస్‌లు కలిసి ఉంటాయి, క్రిస్టల్ చేసేటప్పుడు అవి బయటే మిగిలిపోతాయి. మీ పనిలో ఎంపిక ముఖ్యమైతే ముడి ఎంజైమ్‌తోనూ, క్రిస్టల్స్‌తోనూ ఎనాన్షియోమర్ ఆధిక్యతని పోల్చి చూడండి. నిలకడ కోసం మొదలుపెట్టిన పనికి అది అదనపు ఫలం కావచ్చు.

మరి ఇదంతా ఎప్పుడు చేయకూడదు? ఎంజైమ్ బ్యాచ్‌గా క్రిస్టల్ కాకపోతే దానికోసం నెలలు వెచ్చించకండి. 2000లో డెల్ఫ్ట్‌లో షెల్డన్ బృందం చూపిన అగ్రిగేట్ పద్ధతి ఉంది: అమ్మోనియం సల్ఫేట్ లేదా ద్రావణితో ప్రొటీన్‌ని ముద్దగా పడగొట్టి, అదే ముద్దని క్రాస్‌లింక్ చేయడం. శుద్ధమైన ఎంజైమ్ అక్కర్లేదు, మధ్యాహ్నం మొదలుపెట్టి సాయంత్రానికి చేతిలో ఉంటుంది. అమ్మోనియం సల్ఫేట్‌తో పడగొడితే గ్లుటరాల్డిహైడ్ ఇక్కడ కూడా కొంత పోతుంది, అందుకే దాన్ని ఎక్కువ మోతాదులో పోస్తారు. సబ్‌స్ట్రేట్ పెద్ద ప్రొటీనో, పాలిమరో అయితే రెండు పద్ధతులూ వదిలేసి ఎంజైమ్‌ని ఉపరితలం మీద పెట్టండి. ఎంజైమ్ చవకగా దొరికేదై, ఒకసారి వాడి పారేస్తే పోయేదేమీ లేకపోతే అసలు బిగించాల్సిన అవసరమే లేదు.

మీ విషయంలో ముందు చేయాల్సింది ఒక పక్క లిథియం సల్ఫేట్‌లో క్రిస్టల్స్, ఇంకో పక్క అదే ప్రొటీన్‌తో అగ్రిగేట్లు చేసి, రెండింటినీ 45 డిగ్రీల్లో, 25 శాతం ఐసోప్రొపనాల్‌లో పక్కపక్కన పెట్టడం. మిల్లీగ్రాము ఎంజైమ్‌కి ఎంత అన్నది కాదు, ఆ ఎంజైమ్ పోయేలోగా మొత్తం ఎంత ఉత్పత్తి ఇచ్చింది అన్నది కొలవండి. మొదటి గంట వేగంలో అగ్రిగేట్లు గెలిచి, వారం చివర్లో క్రిస్టల్స్ గెలవడం మామూలే. ఎంజైమ్ నిర్మాణం తెలిసి ఉంటే లైసిన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఇక్కడ పెట్టండి, యాక్టివ్ సైట్‌కి ఎంత దూరమో చూసి నిరోధకం అవసరమో కాదో చెబుతాను.